కాత్యాయనికీ ముక్కామలకీ పడదట

ముక్కామల కాత్యాయని గుంటూరులో ఎం.సి.ఎ. చదివే రోజుల్లోనే రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లలో వస్తుందన్న తేదీల తంటా మీద ఒక వ్యాసం రాసింది. మన అలవాటు ప్రకారం ‘ఎం. కాత్యాయని’ అని అచ్చయింది. సంవత్సరాన్ని రెండంకెల్లోనే ఉంచినా, అది ఏ శతాబ్దమో ప్రోగ్రాముకు నేర్పితే చాలునని అందులో వాదించింది. పరిశోధనకని మెల్‌బోర్న్ వచ్చాక ఆ నమ్మకం పోయింది. నాలుగంకెలూ వెయ్యందే రోగం కుదరదని రెండో వ్యాసం రాస్తూ, ‘కాత్యాయని పొరబడ్డారు’ అని ఎవరో మూడోమనిషి గురించన్నట్టు తన పాత వాదాన్నే ఉతికి ఆరేసింది. ఇక్కడి పత్రికవాళ్లు వాళ్ల పద్ధతిలో ఇంటిపేరు ముందుకు లాగి ‘ముక్కామల, కె.’ అని వేశారు.

తొంభైతొమ్మిదిలో అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో సదస్సు జరిగితే మెల్‌బోర్న్‌లో తానుండే క్లేటన్ నుంచి సరదాపడి వెళ్లింది. అడిలైడ్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెబుతున్న కాకినాడ ఆయన, ద్వారకానాథ్, ఆ రోజు వక్త. ఈ రంగంలో రెండు వర్గాలున్నాయన్నాడాయన. కాత్యాయని నిదానమైన మనిషట. ముక్కామలకు దూకుడెక్కువట, పెద్దావిడని కూడా చూడకుండా ఆమెమీద విరుచుకుపడ్డాడట. తానుమాత్రం కాత్యాయని పక్షమేనట.

నవ్వాపుకోలేక కాత్యాయనికి పొలమారింది. పక్కనున్నావిడ మంచినీళ్లందించింది. ప్రశ్నలడగమనగానే లేచి, ఆ ఇద్దరూ తనకు బాగా తెలుసనీ, ఈమధ్య రాజీపడి ఒకే టూత్‌బ్రష్ వాడుకుంటున్నారనీ ఇంగ్లీషులో చెప్పింది. హాలంతా బిత్తరపోయింది. అప్పుడు తన పేరు మొదటినుంచి చివరిదాకా చెప్పింది. నవ్వులతో హాలు దద్దరిల్లింది. అందరికంటే ఎక్కువ నవ్వింది ద్వారకానాథే. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

టీ దగ్గర ఆయనే వెతుక్కుంటూ వచ్చాడు.

“తెలుగువాణ్ణయ్యుండి ముక్కామల ఇంటిపేరని నాకు తట్టొద్దటమ్మా? రిఫరెన్సుల్లో అలా చూసి చూసి, ఐ జస్ట్ అజ్యూమ్డ్.”

“మా యూనివర్సిటీలో నాకు మిస్టర్ ముక్కామల అనే మెయిల్స్ వస్తాయి సార్. దానికేం గానీ, మీరు కాత్యాయని సైడు తీసుకున్నారు చూడండి, అదే నా బాధ. షి వజ్ రాంగ్.”

“ఆవిడే కరెక్టు. నువ్వే తొందరపడ్డావు.”

పళ్లెంలో లామింగ్టన్ కేకులు అయిపోయేదాకా వాదించుకున్నారు. ఎవరూ తగ్గలేదు. ఆ వాదననే ఇద్దరూ కలిసి రాయాలని తేల్చుకున్నారు.

ప్రపంచం మునిగిపోకుండానే రెండువేల సంవత్సరం వచ్చింది. ఏప్రిల్‌లో వాళ్ల వ్యాసం పడ్డ పత్రిక ఇంటికొచ్చింది. పొడి అక్షరాలు వద్దని ద్వారకానాథ్ సంపాదకులతో పోట్లాడి ఒప్పించాడేమో, ‘ముక్కామల కాత్యాయని’ అని ఇద్దరు రచయితల్లో మొదటి పేరుగా, నిండుగా అచ్చయి ఉంది. కాత్యాయని వంటింట్లోకి పరుగెత్తి, ఇంట్లో తనతోపాటు అద్దెకుండే బిందుమాధవి చేతిలో గరిటె లాక్కుని ఆమెను గిరగిరా తిప్పింది. పొయ్యిమీద సాంబారు పొంగిపోయినా ఇద్దరూ ఆగలేదు.