ఎలిహియో డిస్కు

కమగ్వే ఊళ్లో ఫోన్లు బాగుచేసే ఒదాలిస్ ఇంట్లో కంప్యూటరు ఒక్కటే. దాని మీద పెత్తనమంతా భర్త ఎలిహియోది. పేటలోని గాయక బృందానికి ఏళ్ల తరబడి పాటలు కట్టినవాడు. ఆయన స్వరాలు రాసుకునే ప్రోగ్రాము పాత విండోస్‌లో తప్ప నడవదు. ఆమె పనికేమో లినక్స్ అనే వేరే సిస్టమ్ కావాలి. పైగా ఎలిహియోకి మతిమరుపు ముదిరింది. పక్కింటివాళ్ల పేర్లు పోయాయి, కాఫీ తాగిన సంగతీ పోయింది. ఆ తెర మీద ఏది ఎక్కడుందో మాత్రం వేళ్లకు గుర్తుంది.

"పాతదంతా చెరిపేసి నీది ఎక్కించుకో. వాడికేం తెలుస్తుంది?" అంది ఆడపడుచు నెరేయిదా.

"చెరపడానికి అదేమన్నా పలకా వదినా? మీ తమ్ముడికి మిగిలిందే అది."

ఎవరో పారేసిన కంప్యూటర్లోంచి ఇంకో డిస్కు సంపాదించింది ఒదాలిస్. పొరపాటున పాతదాని మీద చెయ్యి పడకుండా భర్త డిస్కు తీగ ఊడదీసి, కొత్తదాంట్లో లినక్స్ ఎక్కించి, ఆ తర్వాతే మళ్లీ తగిలించింది. మీట నొక్కితే ముందు ఎలిహియో డిస్కే లేచేలా అమర్చింది. తనది కావాలంటే ప్రతిసారీ తానే ఎంచుకోవాలి. ఆ మాత్రం శ్రమ ఆమెకు ఒక లెక్క కాదు.

పొద్దున ఆయన కూర్చునేవాడు, మధ్యాహ్నం ఆమె.

"ఏం ముసలోడా, ఇవాళేం కట్టావు?"

"కాకి గొంతుదానివి, నీకెందుకే పిల్లా!"

కంప్యూటరు లోపల అమరికను గుర్తుపెట్టుకునే గుండీ బ్యాటరీ నీరసించిందని తేదీ తప్పు చూపిస్తున్నప్పుడే ఆమెకు తెలుసు. జనం ఫోన్ల హడావుడిలో పడి రేపు మాపని వాయిదా వేసింది. ఒక ఉదయం కరెంటు పోయి వచ్చేసరికి, కంప్యూటరు ఆమె పెట్టిన అమరికంతా మరిచిపోయింది. ఒదాలిస్ రొట్టెల క్యూలో ఉండగా ఎలిహియో మీట నొక్కాడు. లేచింది ఆమె డిస్కు.

ఇంటికొచ్చేసరికి ఆయన నేలమీద కూలబడి ఏడుస్తున్నాడు.

"నా పాటలు ఎత్తుకుపోయారు."

"ఎక్కడికీ పోలేదు, ఇదిగో చూడు," అని ఆమె గబగబా పాత తెర తెప్పించింది.

ఆయన తెర వంక చూశాడు, తర్వాత ఆమె వంక. ఆ చూపులో భయం.

"ఇది నాది కాదు. నాదని నమ్మించడానికి నువ్వే పెట్టావు."

కొత్త బ్యాటరీ వేసింది. అమరిక సరిచేసింది. బతిమాలింది, కోప్పడింది, ఆయన పాటల్నే పాడి వినిపించింది. ఎలిహియో మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. ఆ గదిముందు నడవాల్సొస్తే గోడను రాసుకుంటూ పోయేవాడు.

"ఇప్పుడన్నా చెరిపెయ్యరాదూ," అంది నెరేయిదా, ఈసారి మెల్లగా.

"వద్దు వదినా."

చెరపలేదు కానీ, వర్షాకాలం వచ్చాక ఒక మధ్యాహ్నం తన డిస్కే ముందు లేచేలా మార్చేసింది. చిటికెలో అయిపోయిన పని. బల్లమీద విప్పిన ఫోన్లు అలాగే ఉన్నాయి, చాలాసేపు దేన్నీ ముట్టుకోబుద్ధి కాలేదు. వసారాలో ఊగే కుర్చీలో ఎలిహియో వానను చూస్తూ ఉన్నాడు.