మీరొక్కరే దయచేయండి

ఆ రోజుల్లో మనుషులు ఇప్పటికంటే మంచివాళ్లని నేను చెప్పను. చెబితే మా ఆయనే ముందు నవ్వుతాడు. కానీ ఆ రోజుల్లో మనుషులకు నివ్వెరపోవడం వచ్చు. ఇప్పుడు అరచేతిలో ఫోను తోవ చూపించినా, పాట పాడినా, ఎవరి కనురెప్పా కదలదు. ఎనభైల చివర్లో, వరంగల్ బజారులోని ఒక ప్రింటింగు ప్రెస్సు వెనకగదిలో, కంప్యూటరు తెర మీద ఆకుపచ్చగా ఒక్క ‘అ’ వెలిగినందుకు మా సేటు గుమ్మంలోనే చెప్పులు విడిచి చేతులు జోడించాడు. (దుమ్ము పడితే మిషిను పాడవుతుంది, చెప్పులు బయట విడవండి మహాప్రభో అని నేను నెలల తరబడి మొత్తుకున్నా వినని మనిషి.) “గిది మన ‘అ’నేనా పిల్లా?” అన్నాడు. “మీ ‘అ’నే సేటుగారూ, పక్క దుకాణంలో తెచ్చింది కాదు” అన్నాను. నా నోరు అప్పటికే అంత.

ప్రెస్సు సేటుది. కంప్యూటరు కూడా సేటుదే, హైదరాబాదులో ఎవరో “తెలుగు కూడా వస్తుంది” అని చెప్పి అంటగట్టింది. వచ్చింది ఇంగ్లీషొక్కటే. లెక్కల డిగ్రీ, దాని మీద కంప్యూటరు డిప్లొమా చేసిన నన్నూ, ఇంజనీరింగు చదివిన ఇంకొకాయననూ అందుకే పెట్టుకున్నాడు. ఆ ఇంకొకాయనను ప్రెస్సంతా ‘నిమ్మళం అన్న’ అనేవాళ్లు. కొంప అంటుకుంటున్నా “నిమ్మళంగ సూద్దాం తీ” అనే రకం. మా ఇద్దరికీ సేటు పెట్టిన షరతు ఒక్కటే: తన చిన్న కొడుకు పెండ్లి కార్డుల మీద పేర్లు ఈ డబ్బాలోంచి తెలుగులో రావాలి. వస్తే డబ్బా ఉంటుంది, మేముంటాం. రాకపోతే డబ్బాను వచ్చిన ధరకు అమ్మేస్తాడు, అన్న తన దారి చూసుకుంటాడు, నేను ముందుగదిలో రబ్బరు స్టాంపుల ఆర్డర్లు రాసుకుంటూ కూర్చుంటాను. స్టాంపుల మీద నాకు కోపం లేదు గానీ, ఆ తెర ముందు కూర్చున్నాక ఇంకెక్కడా కూర్చోబుద్ధి కాలేదు.

ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి, పని చెప్పకపోతే కథ నడవదు. కంప్యూటరుకు అక్షరం తెలియదు, నంబరే తెలుసు. అది పుట్టింది ఇంగ్లీషుకు కాబట్టి అందులో అక్షరానికి ఒక్క గడి ఇచ్చి సరిపెట్టారు. మన గుణింతాలూ ఒత్తులూ ఆ ఇరుకులో పట్టవని మేము ప్రతి అక్షరానికీ రెండేసి గడులిచ్చి, ప్రపంచంలోని ఏ భాష వచ్చినా చోటుండేలా నంబర్లు వేసుకున్నాం. (ఇప్పుడు యూనికోడ్ అంటున్నారే, ఆ పేరు మా చెవిన పడక ముందే మా ఆశ అదే. పేటెంటు అడగడం లేదు, చెబుతున్నానంతే.) అక్షరాలు గుచ్చితే మాట, ఆ దండను స్ట్రింగు అంటాం. ఆ దండలను దాచడానికీ, తీయడానికీ, కలపడానికీ సీ అనే కంప్యూటరు భాషలో మా సొంత సరంజామా ఒకటి కట్టడం మొదలుపెట్టాం. రెండేసి గడుల దెబ్బకు మిషిను జ్ఞాపకం చప్పున నిండిపోయేది. సేటు చుట్టాల్లో సగం మంది పరకాల వాళ్లు. ‘పరకాల’ అన్న మాటను అంతమందికీ విడివిడిగా రాస్తూ పోతే పెండ్లికొడుకు పేరుకే చోటు మిగలదు.

దారి నాకు మా వాడకట్టులో దొరికింది. పెండ్లిళ్ల కాలంలో మా దగ్గర ఇంటికో పందిరి వేయరు, వాడంతటికీ ఒకటే. దాన్ని వాడుకుంటున్న ఇంటివాళ్లు గుంజకు ఒక పసుపుదారం కడతారు, పని అయిపోయాక తమ దారం విప్పుకుంటారు. ఆఖరి దారం విప్పిన ఇంటివాళ్లే పందిరి పీకాలి. అదే పద్ధతి మాటలకూ పెట్టాను. ‘పరకాల’ ఒక్కటే ఉంటుంది. ఎంతమంది పట్టుకున్నారో పక్కన లెక్క ఉంటుంది. పట్టుకున్నప్పుడల్లా ఒకటి పెరుగుతుంది, వదిలినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే చోటు ఖాళీ. అన్న తల గోక్కుని, “మంచిగున్నది చెల్లె. గని పందిరి అందరిదైనప్పుడు, నడిమిట్ల ఒగలు రంగు మార్చుకుంటమంటె?” అన్నాడు. “పెండ్లి నడుమ పందిరికి రంగెవడు వేస్తాడన్నా, పనిలేక?” అన్నాను. ఆయన వాదించలేదు. “నిమ్మళంగ సూద్దాం తీ” అన్నాడు. వాదించాల్సిన చోట వాదించని మనుషుల వల్ల లోకానికి ఎంత నష్టమో నాకు అప్పటి నుంచే తెలుసు.

కార్డంతా ప్రెస్సులో అచ్చయింది. పేరు, ఊరు, పిలుపు వరుస, ఈ మూడూ మా డబ్బా నుంచి చీటీ మీద వస్తాయి, దాన్ని కార్డుకు అంటించాలి. పిలుపు వరుస చిన్న విషయం కాదు. మా వైపు పిలుపులో రెండు రకాలు: ఇంటిల్లిపాదికీ పిలుపు, ఒక్కరికే పిలుపు. రెండోది మొహమాటానికి పిలిచేది. అందుకున్నవాడు వచ్చి, తిని, తన స్థానం తెలుసుకుని వెళ్తాడు. సేటు అందరికీ మొదటిదే అన్నాడు. సేటు భార్యను మేమంతా అమ్మ అనేవాళ్లం. ఆమె కుంకుమ భరిణె తుడుచుకుంటూ, “ఆడోళ్లను బొట్టు పెట్టి పిలువొద్దా?” అంటే నేనే అడ్డుపడ్డాను. “ఏ కాలంలో ఉన్నారమ్మా? పేరుపేరునా మిషిను పిలుస్తుంటే ఎండలో ఇల్లిల్లూ తిరగడమెందుకు?” ఆమె నా వంక ఒకసారి చూసి భరిణె మూత పెట్టేసింది.

చీటీలు కొట్టే రోజు సేటు వచ్చి కూర్చున్నాడు. తెర మీద తన పాలివాడి పేరు కనిపించింది. పాలివాడంటే పెదనాన్న కొడుకు, బజారులో ఎదురు దుకాణం, గోడ తగాదా. సేటు మీసం దువ్వి, “వీనికి ఇంటిల్లిపాది ఎందుకు? ఒక్కనికే పిలుపు కొట్టు పిల్లా. జర తెలిసి రావాలె” అన్నాడు. నేను ఆ వరుస మీదికి పోయి ‘ఇంటిల్లిపాదీ దయచేయండి’ చెరిపి ‘మీరొక్కరే దయచేయండి’ అని కొట్టాను. కొత్తది పాతదానికంటే పొట్టిది, అదే చోటులో ఒదిగిపోయింది, మిషిను కిక్కురుమనలేదు. ప్రింటరు కర్రుకర్రుమని చీటీలు కక్కింది. అంటించినవాళ్లు పేర్లు చూశారు, ఊర్లు చూశారు. అన్నిటి మీదా ఉండే వరుసను ఎవరు చూస్తారు? కార్డులు బస్సుల్లో, సైకిళ్ల మీద బయలుదేరిపోయాయి. సేటు మా ఇద్దరికీ మిర్చిబజ్జీలు తెప్పించాడు. ఆ బజ్జీల రుచి ఇప్పటికీ నాలుక మీదుంది, ఎందుకంటే తర్వాత చాన్నాళ్లు ఏదీ రుచించలేదు.

మొట్టమొదట వచ్చినవాడు పరకాల వియ్యంకుడు, అంటే పెండ్లికూతురి తండ్రి. బస్సు దిగి నేరుగా ప్రెస్సుకే వచ్చాడు. అరవలేదు. కార్డు సేటు ముందు పెట్టి, ఎంతో మర్యాదగా అడిగాడు: “బావా, నన్నొక్కన్నే రమ్మంటివి. మంచిది, వస్త. మరి పిల్లను ఇంట్లనే ఇడ్సి రావాల్నా?”

సేటు కార్డు చదివాడు. మళ్లీ చదివాడు. నేను ఇంకా పంచకుండా మిగిలిన కార్డుల కట్ట లాగి ఒకటి చూశాను. మీరొక్కరే దయచేయండి. ఇంకొకటి. మీరొక్కరే. మేనత్తకు మీరొక్కరే, పురోహితుడికి మీరొక్కరే, రఘునాథపల్లిలో పన్నెండుమంది తోబుట్టువులు కలిసి ఉండే ఇంటికి మీరొక్కరే. నేను ఒక్క పాలివాడికి కొట్టిన మాట ఊరందరి నెత్తినా ఎలా పడిందో అర్థం కాక నోరు తెరిచి నిలబడ్డాను. (నేను నోరు తెరిచి ఏమీ అనకపోవడం అదే మొదటిసారని ప్రెస్సులో చాలా రోజులు చెప్పుకున్నారు.) వియ్యంకుడి కాళ్లావేళ్లా పడి, కూర్చోబెట్టి, చాయ్ తాగించాక సేటు నావైపు తిరిగి ఒక్కటే అన్నాడు. “పెండ్లి కానీ. తెల్లారి డబ్బ ఈడ ఉండది.”

అప్పుడు అమ్మ ప్రెస్సును ఆనుకునే ఉన్న ఇంట్లోంచి వచ్చింది. “డబ్బ సంగతి తర్వాత సూసుకో. ఇయ్యాల్టి నుంచి ఇల్లిల్లు తిరిగి ఆడోళ్లకు బొట్టు పెడ్త. బొట్టు పెట్టినంక ఏ కాయితం ఎవలను ఆపుతది?” అని, కుంకుమ భరిణె తెచ్చి నా చేతిలో పెట్టింది. “నడువు. మిషిను పిలిచింది సాలు, ఇగ నువ్వు పిలువు.”

నడిచాను. బజారు సందులన్నీ నడిచాను. ప్రతి గుమ్మంలోనూ ఒక స్వాగతం. “ఏందమ్మా, మీ డబ్బకు ఆడోళ్లు కనవడరా?” అని ఒకామె. “మా ఆయనొక్కడే పోయి లడ్డూలు తిని వస్తడట, నేనేమో ఇల్లు కావలి కాయాల్నట!” అని ఇంకొకామె, భర్త వినేలా. ఒక ముసలావిడైతే “ఒక్కదాన్నే రమ్మన్నరు బిడ్డా, నన్ను పట్టుకొని నడిపిచ్చేటోళ్లు లేకుంట ఎట్లస్త?” అని నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. అందరికీ అమ్మే సర్దిచెప్పింది, “మిషిను ఆగమైంది వదినా, మనసు కాదు” అని. పాలివాడి ఇంటి ముందు నేను ఆగిపోయాను. “ఇది నిజంగానే ఒక్క పిలుపు కదమ్మా” అని గుసగుసలాడాను. “అది మొగోళ్ల లొల్లి. నా తోడికోడలికి నేను బొట్టు పెట్టద్దా?” అని ఆమె లోపలికి వెళ్లనే వెళ్లింది.

అసలు సంగతి చివరాఖరి ఇంట్లో జరిగింది. అత్తా, ముగ్గురు కోడళ్లూ గుమ్మంలో వరుసగా నిలబడ్డారు. నా కాళ్లు పీకుతున్నాయి, వేలు ఎర్రబారింది. అత్తగారికి బొట్టు పెట్టి, “మీ అందరికీ పిలుపే” అని భరిణె మూయబోయాను. ముగ్గురు కోడళ్ల ముఖాలూ ఒక్కసారి వాడిపోయాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. “ఒగలకు పెడితె అందరికి పెట్టినట్టేనా? ఎవల నొసలు వాళ్లకు లేదా?”

కుంకుమ వేలు గాలిలో అలాగే నిలిచిపోయింది. ఒక్క మాటను అందరి చేతా పట్టించింది నేనే. అది అందరిదీ అయినప్పుడు, ఒకరి కోసం దాన్ని మార్చాలంటే ముందు ఆ ఒకరికి విడిగా సొంతది ఒకటి చేసివ్వాలి. అది చేయకుండా పందిరికి రంగేస్తే వాడంతటికీ పడుతుంది. “అమ్మా!” అని అరిచాను. కోడళ్లు అదిరిపడ్డారు. “దొరికిందమ్మా!” “ఏం దొరికింది బిడ్డా? ముందుగాల బొట్టు పెట్టు” అన్నదామె. పెట్టాను, ముగ్గురికీ, ఎవరిది వాళ్లకు. పెట్టి ప్రెస్సుకు పరుగెత్తాను.

అన్నకు రొప్పుతూ చెప్పాను: మార్చేముందు లెక్క చూడాలి, ఒకటి కంటే ఎక్కువుంటే నకలు తీసి ఆ నకలునే మార్చాలి. ఆయన అంతా విని, “ఆనాడు నేనడిగింది గదే గద చెల్లె” అన్నాడు. “అంత నిమ్మళంగా అడిగితే ఎవరికి వినపడుతుందన్నా? బల్ల గుద్ది అడగాలి!” అన్నాను. ఇప్పటికీ నా మాట అదే: తప్పు నాది కాదు, గట్టిగా అడగని ఆయనది, పెండ్లి కార్డు మీద గోడ తగాదా తీర్చుకోబోయిన సేటుది. ఆ రాత్రికల్లా సొంత నకలు తీసే ముక్క రాసేశాం. దానికి ‘బొట్టు’ అని పేరు పెట్టాను. మా సరంజామాలో ఏ మాటనైనా మార్చాలంటే ముందు ‘బొట్టు’ను పిలవాల్సిందే.

పెండ్లికి ఊరు ఊరంతా వచ్చింది. బొట్టు పెట్టి పిలిచాక రాకపోతే తప్పని కొందరు, డబ్బా చేసిన ఆగం చూద్దామని కొందరు. అందరికంటే ముందు పాలివాడు, ఇంటిల్లిపాదితో, చంకలో మనవరాలితో సహా వచ్చాడు. సేటు కొయ్యబారిపోయాడు. పాలివాడు దగ్గరికొచ్చి భుజం తట్టి, “ఒక్కన్నే రమ్మన్నవని మస్తు బాధైందిరా తమ్మీ. తర్వాత తెలిసింది, నీ వియ్యంకునికే గట్ల అచ్చిందట గద! ఇగ నాకేం బాధ?” అని పకపకా నవ్వాడు. ఊరందరికీ ఒకే అవమానం జరిగితే అది ఎవరికీ అవమానం కాదని అప్పుడే తెలిసింది. సేటుకూ నవ్వాగలేదు. ఇద్దరూ ఒకే బంతిలో కూర్చున్నారు. చెయ్యి కడుక్కుంటూ సేటు నావైపు చూడకుండానే అన్నాడు, “డబ్బ ఉండనీ తీ. గని మా ఇంటి కార్డులు మాత్రం చేతితోనే రాస్త.”

ఆ సరంజామా ఉన్న ఫ్లాపీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. దాన్ని తినే యంత్రమే ఇప్పుడు లేదు. మొన్న ఎవరో ఫోనులో పెండ్లి పిలుపు పంపారు, ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని, ఒక్క నొక్కుతో కొన్ని వందల మందికి. అక్షరాలు ఎంత బాగా వచ్చాయో, ఒత్తులు ఎంత తీరుగా ఉన్నాయో చూసి మురిసిపోయాను. ఆ తర్వాత, ఎవరూ చూడటం లేదు కదా అని, నొసలు ఒకసారి తడుముకున్నాను. కుంకుమ వేలు గాలిలో పెట్టుకుని గుమ్మంలో అరిచిన ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే దానితో వాదించాల్సినవి చాలా ఉన్నాయి. గెలవననీ తెలుసు. అయినా సరే, ముందు దాని నొసట దానికంటూ ఒక బొట్టు పెట్టి, తర్వాతే పోట్లాటకు దిగుతాను.