సేనాని కోసుకు తిన్న రసాలు

ఉదయం ఏడూ ఇరవైకి డికాక్షన్ దిగుతుండగా గేటు చప్పుడైంది. పాత ఉత్తరాలు సేకరించే ఆయన విజయవాడ నుంచి వచ్చారు. ఫోన్లో పదింటికి వస్తానన్నారు. అంత ముందుగా రావడం నాకు నచ్చలేదు.

ఆయన వచ్చింది మా ముందుగదిలో ఉన్న ఉత్తరం కోసం. నాన్న మిలిటరీలో డ్రైవరుగా ఉన్నప్పుడు, సెలవు ముగించుకుని వెళుతూ మా తోటలోని చిన్నరసాలు ఒక బుట్ట తీసుకెళ్లి సేనాని బంగళాలో ఇచ్చారు. పేరు చెబితే దేశంలో అందరికీ తెలిసిన సేనాని. జవాబుగా ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు వాక్యాలు, కింద సిరాతో సంతకం. నాన్న దాన్ని పటం కట్టించారు. పోయిన చలికాలం నాన్న పోయారు.

విజయవాడ ఆయన పటాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి భూతద్దం పెట్టారు.

"ఇలాంటివి చాలా చూశానండీ. ఆ రోజుల్లో బజార్లో టైపు కొట్టించి, సంతకం గీయించి గోడకి పెట్టుకునేవాళ్లు. అయినా పర్లేదు, నేను తీసుకెళ్తాను."

"దొంగదైతే మీకెందుకండీ మరి?" అంది అమ్మ, కాఫీ గ్లాసు ముందు పెడుతూ.

ఆయన నవ్వి, కాఫీ తాగి, ఫోన్ చేస్తానని వెళ్లిపోయారు.

ఆయన్ని నేను నమ్మలేదు. కానీ ఆయన అన్న మాట కొట్టిపారేయలేకపోయాను. నూజివీడు బజార్లో అర్జీలు టైపు చేసే ఆయన నాన్నకి స్నేహితుడు. నాన్న కబుర్లకు జనం చుట్టూ చేరేవారు. ఇది నిజం కాకపోతే నాన్న నాకు చెప్పినవాటిలో ఇంకేది నమ్మాలి?

ఉత్తరం మళ్లీ చదివాను. చిన్నప్పటి నుంచీ సంతకమే చూశాను తప్ప మూడో వాక్యం దగ్గర ఎప్పుడూ ఆగలేదు. పండ్లు కోసి తిన్నాననీ, ముక్కలు తియ్యగా ఉన్నాయనీ రాసి ఉంది.

రసం పండుని మా వైపు ఎవరూ చాకుతో కోయరు. మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి జుర్రుకుంటాం. కోస్తే పీచూ, చేతినిండా రసమూ తప్ప ముక్క రాదు. నూజివీడులో కూర్చుని దొంగ ఉత్తరం రాయించేవాడెవడూ ఆ మాట రాయించడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఏటా మొదటి కాయని నాన్న ఆ పటం కింద కూర్చుని చాకుతో కోసేవారు. లుంగీ అంతా తడిసిపోయేది. మాకదొక తమాషా.

"అమ్మా, నాన్న ఎందుకలా కోసేవారు?"

"మరుసటి ఏడు మామిడిపళ్లప్పుడు సెలవుకొచ్చి ఉత్తరం చూపిస్తే ఆ టైపాయనే చదివి చెప్పాడు. చదువుతూ పడీ పడీ నవ్వాడు. మీ పెద్ద దొరకి మామిడిపండు తినడం రాదేంట్రా అని. మీ నాన్నకి రోషం వచ్చింది. మా ఇంట్లోనూ ఇలాగే తింటాం, ఏం అని, ఆయన ముందే ఒకటి కోసుకు తిన్నారు. ఇక మానలా. మానితే అబద్ధమైపోద్దిగా."

నాన్న మీద నా అనుమానం తీరింది. సేనాని మీద తీరలేదు. నిజంగా తిన్నాడో, తిన్నట్టు ఆఫీసులో ఎవరో రాసి సంతకానికి పెట్టారో తెలియదు. విజయవాడ ఆయన మళ్లీ ఫోన్ చేస్తే ఇవ్వనని చెప్పాను. పటం మేకుకి తగిలించాం.

గడ్డిలో వేసిన రసాలు మాగాయి. మా ఇంట్లో ఇప్పుడు వాటిని ఎవరూ కోయడం లేదు.