పెద్దమ్మ దాచలేదు

మా పెద్దమ్మ పోయిన సోమవారం చనిపోయింది. గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పాడు. బంధువులకు ఫోన్ చేస్తుంటే చాలామంది గొంతు తగ్గించి ఒకటే అడిగారు. "టీబీ మళ్లొచ్చిందా ఏంది?"

అది నయమై ఏళ్లయింది. జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చింది నాకు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి ఇంటి ముందు గదిలో పెద్దమ్మ పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పేది. నాకు లెక్కలు వచ్చాయంటే ఆమె చలవే. తప్పు పోయిన లెక్కను రబ్బరుతో తుడిస్తే ఊరుకునేది కాదు. "కొట్టెయ్యి, చెరపకు. ఏడ తప్పిందో కనపడాలె" అనేది.

దగ్గు తగ్గక దవాఖానకు పోతే టీబీ అని తేలింది. దగ్గర మెలిగేవాళ్లంతా పరీక్ష చేయించుకోవాలన్నారు.

"ఎవ్వరికి చెప్పకు. మందులేసుకుంటె పోతది" అన్నాడు పెద్దనాన్న.

"పిల్లలు నా పక్కకే కూసుంటరు. చెప్పకుండ ఎట్ల ఉండాలె?"

మాస్కు పెట్టుకుని ఇంటింటికీ వెళ్లి, గడప బయటే నిలబడి చెప్పింది. పిల్లల్ని పరీక్షకు తీసుకెళ్లింది కొందరే. ట్యూషన్ మాత్రం అందరూ మాన్పించారు. కోస్తా వైపు నుంచి వచ్చిన ఇంటి ఓనరమ్మ మర్యాదగానే అంది. "మీరు చెప్పడం మంచిదేనండీ. కానీ చిన్నపిల్లలున్న ఇల్లు. వేరే చోటు చూసుకోండి." ఎల్బీ నగర్‌కు మారారు. జబ్బు పూర్తిగా తగ్గాక కూడా ఆ వీధి నుంచి ఒక్క పిల్లా రాలేదు.

కొన్నాళ్లకు పాత విద్యార్థిని తల్లి ఒకామె వెతుక్కుంటూ వచ్చింది. నెలల తరబడి దగ్గుతూ, టీబీ సంగతి దాచి, దుమ్ము పడదని అందరికీ చెప్పుకుందట. ఇప్పుడు కూతురికీ టీబీ అంటుకుంది.

"మీకైంది చూసినంక ఎట్ల చెప్పాలె, టీచరమ్మా?"

పెద్దమ్మ కసురుకుంది. "నన్ను జూసి భయపడ్డవు. బిడ్డను జూసి భయం గాలేదా?" కాసేపటికి తనే చెప్పులేసుకుంది. "నడువు. మిగిలినోళ్లకు చెప్పాలె. నేనొస్త."

మళ్లీ ఆ గడపల ముందే నిలబడ్డారు ఇద్దరూ. ఇన్నాళ్లు ఎందుకు దాచావని వీధంతా ఆ తల్లి మీద పడింది. పెద్దమ్మ అడ్డుపడింది. "చెప్తె ఎల్లగొడ్తిరి. చెప్పకపోతె తిడ్తుండ్రు. గీమె ఏం జెయ్యాలె, గదన్న చెప్పుండ్రి."

ఒక్కొక్కరే లోపలికి పోయి తలుపులేసుకున్నారు.

పెద్దమ్మను వాకిట్లో పడుకోబెట్టినప్పుడు మా దగ్గరి చుట్టాలు కొందరు గేటు దాటి రాలేదు. ఆ తల్లీకూతుళ్లు మాత్రం నేరుగా లోపలికి వచ్చారు. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పెద్దమ్మ తల దగ్గర నేల మీద కూర్చుని, నుదుటి మీద చెదిరిన నెరిసిన జుట్టును వేళ్లతో మెల్లగా వెనక్కి దువ్వుతూ ఉండిపోయింది.