అమ్మ అడిగిన గటక

మొన్న దవాఖానాలో డాక్టరమ్మ నా రక్తపరీక్ష చూసి, అన్నం తగ్గించి జొన్నలు తినమని చెప్పినప్పుడు, నేను పుట్టి పెరిగింది ఆ తిండితోనేనని చెప్పబోయి, మందుల చీటీ తీసుకుని లేచాను. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుంటే అమ్మే కళ్లముందు మెదిలింది.

మాది చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉన్న చిన్న పల్లె. నా చిన్నతనంలో మా ఇంట్లో వరి అన్నం పండక్కో, చుట్టాలొస్తేనో వండేవారు; మిగతా రోజులన్నీ మా చేనులో పండిన పచ్చజొన్నలే. అమ్మ వాటిని రోట్లో దంచి, చేటలో చెరిగి, ఆ నూకతో కుండలో గటక వండితే, వానాకాలంలో అడవిలో కోసుకొచ్చిన బోడకాకర కూరతోనో, ఏమీ లేకుంటే మజ్జిగ, ఉల్లిగడ్డతోనో తినేవాళ్లం. అది తిని పెరిగినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు, చేనుకు పోయినా బడికి పోయినా పొద్దు వాలేదాకా ఆకలి మాటే ఉండేది కాదు. మా పిల్లల ప్రాణం మాత్రం తెల్లన్నం మీదే ఉండేది.

తర్వాత నాకు కొత్తగూడెంలో ఉద్యోగం వచ్చింది, అన్న జొన్నచేనులో పత్తి వేశాడు, ఇంటికి రేషను బియ్యం వచ్చాయి. అమ్మ దేనికీ అడ్డు చెప్పలేదు.

చివరికి ఆమె మంచం పట్టింది. వదిన ఎంత మెత్తగా వండి పెట్టినా అన్నం మింగుడుపడేది కాదు. నేను సెలవు పెట్టి వెళ్లి పక్కన కూర్చుంటే, నా చేయి పట్టుకుని నెమ్మదిగా అడిగింది.

"ఇంత గటక వండి పెడ్తవా బిడ్డా?"

అన్నా నేనూ ఇల్లిల్లూ తిరిగాం. చేలన్నీ పత్తీ మిరపే అయిన ఊళ్లో విత్తనానికి కూడా జొన్న దొరకలేదు. చివరికి అన్న కొత్తగూడెం పోయి, పెద్ద దుకాణంలో పొట్టంతా తీసేసిన తెల్లటి జొన్నరవ్వ ప్యాకెట్టు తెచ్చాడు. అమ్మ వండినట్టే వండి, చల్లార్చి, మజ్జిగ పోసి నోటికందించాను. ఆశగా నోరు తెరిచింది. ఆ ముద్దను చాలాసేపు నాలుక మీదే ఉంచుకుని, అందులో ఏదో వెతుక్కుంటున్నట్టు కళ్లు మూసుకుంది. ఆ తర్వాత మింగి, నా ముఖం చూసింది.

"నా నోరే చెడింది బిడ్డా. నువ్వు మంచిగనే వండినవ్."

చెడింది ఆమె నోరు కాదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. నేను చిన్నబోకూడదని ఇంకొంచెం తిని, చాలని చేయి అడ్డం పెట్టింది. మళ్లీ ఏదీ కావాలని అడగలేదు. ఆ వారంలోనే పోయింది.

మా అందరి కడుపులూ నింపడానికి చేతులు కాయలు కాసేలా దంచిన మనిషికి, పోయే ముందు ఆ ఒక్క ముద్ద పెట్టలేకపోయాం. ఇప్పుడు బజారులో జొన్నలకు మళ్లీ గౌరవం వచ్చింది. గటక ఎట్లా ఉండేదని మనవరాలు అడిగితే చెప్పడం మొదలుపెట్టి, సగంలో ఆగిపోతాను. ఆ రుచి నాకే సరిగ్గా గుర్తురావడం లేదని ఆ పిల్లకు ఎట్లా చెప్పను?