రాగుల గది

ఈ బరువు ఏళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో చెప్పుకోలేదు, తోటివాళ్ళకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నానేమో.

మా విశ్వవిద్యాలయంలో దాతృత్వం మీద, పౌరసమాజం మీద అధ్యయనం చేసే కేంద్రం ఒకటుంది. నా ఉద్యోగం అక్కడే. చేరిన కొత్తలో నన్ను నల్లమాడ వైపు ఒక పల్లెకు పంపారు. ఆ ఊళ్ళో రాగుల గది అని ఒక మట్టి గది ఉండేది. బోరు నీళ్ళు పారి పంట పండినవాళ్ళు అందులో రాగులు పోసి పోయేవాళ్ళు. వాన మొహం చాటేసిన ఏడు, లేనివాళ్ళు తీసుకునేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం ఆ వీధి వీధంతా తలుపులు, కిటికీలు మూసుకునేది. ఎండ అనే చెప్పేవాళ్ళు. అసలు సంగతి, గదికి వచ్చేవాళ్ళను ఎవరూ చూడకూడదని.

నాకు ఆ కట్టుబాటు ముందే చెప్పారు. అయినా కిటికీ ఓరగా తెరిచి గది వైపు చూశాను. పరిశోధన కోసమే అనుకున్నాను. నిజంగా అందుకేనా? మూసిన తలుపు వెనకాల ఏముందో చూడాలన్న ఉబలాటం కాదా?

కొంగు కింద చేట దాచుకుని వచ్చింది ఓబులమ్మ. నేను బస చేసిన ఇల్లు ఆమెదే. రోజూ నాకు రాగి సంగటి ముద్ద చేసి, ఊరుబిండి పచ్చడి వేసి పెట్టేది. దుడ్లు ఇవ్వబోతే కోప్పడేది. నేను తిన్న ముద్దలు ఆ గది రాగులవే అని అప్పుడు తెలిసింది. అక్కడితో ఆగి నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది.

వారం తిరక్కుండా మా కేంద్రం పెద్దలు వచ్చారు. రచ్చకట్ట దగ్గర ఊరంతా కూర్చుంది. నేను లేచి ఓబులమ్మను చూపించి, ఈమె రాగుల గది నుంచి తెచ్చుకుంటూ కూడా నాకు కడుపునిండా పెట్టింది, ఇంతకంటే దాతృత్వం ఏముంటుంది అన్నాను. ఆమె మీద ప్రేమతోనే అన్నాను. పెద్దల ముందు మెప్పు పొందాలని కూడా అన్నాను. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఊరివాళ్ళు కొట్టలేదు.

ఇంటికి వచ్చాక ఆమె నా సంచి తెచ్చి గడప దగ్గర పెట్టింది.

"చూస్తే చూసినావు పాపా. నలుగురిలో ఎందుకు చెప్తివి?"

"నీ గొప్పతనం వాళ్ళకు తెలియాలనే పెద్దమ్మా."

"ఏం గొప్పో. ఇంగ ఆ వాకిలి నేనెట్ల తొక్కేది? నేనే కాదు, ఎవరు మాత్రం తొక్కుతారు?"

సంచి తీసుకుని గడప దిగాను.

ఎవరూ తొక్కలేదు. తీసుకునేవాళ్ళు రాకపోయేసరికి పోసేవాళ్ళూ మానుకున్నారు. ఉన్న రాగులకు పురుగు పట్టింది. మళ్ళీ నేను వెళ్ళేసరికి ఓబులమ్మ ఇంటికి తాళం. బెంగళూరుకు కూలికి పోయిందని పక్కింటాయన చెప్పి, నా మొహం చూడకుండా లోపలికి పోయాడు. ఆ వయసులో ఆమె ఇటుకలు మోస్తూ ఉంటుందన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు. వెతకలేదు. కనిపిస్తే ఏమని అడగను?

నా వ్యాసంలో మాత్రం, రేషను బియ్యం వచ్చాక ఆ ఆచారం దానంతటదే కనుమరుగైందని రాశాను. అందరూ నమ్మారు. నమ్మేటట్టే రాశాను మరి. ఆ వ్యాసంతోనే నా ఉద్యోగం ఖాయమైంది. ఏటా పిల్లలకు అదే పాఠం చెబుతున్నాను.

క్వార్టర్సులో ఒంటరిగా ఉంటాను. మధ్యాహ్నం భోజనానికి వచ్చి, తలుపులు, కిటికీలు అన్నీ మూసుకుని కూర్చుంటాను. ఇటుగా వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. అయినా మూస్తాను.

రాగుల గది రేషను బియ్యం వల్ల మూతపడలేదు. నా వల్ల మూతపడింది. ఇంతకాలం ఎక్కడా రాయని ఈ మాట ఇప్పుడు రాశాను.