‘ఎక్కడ’ అనే గడి

నిన్న మా కోడలు పట్టుచీరల పెట్టె తెరిచింది. ఎండిన వేపాకూ కర్పూరమూ కలిసిన వాసన వరండా దాకా వచ్చింది. చదువుతున్న పేపరు పక్కన పెట్టి ముందు నేను చేసిన పని, నన్నెవరైనా గమనిస్తున్నారేమోనని అటూ ఇటూ చూడటం. డెబ్భై దాటినా ఆ వాసన తగిలితే నాకు దొంగచూపులే వస్తాయి. పద్నాలుగేళ్లప్పుడు అదే వాసన నిండిన గదిలోకి నన్ను అందుకే పంపారు మరి. పంపింది మా నాయన. నేను చూసి రావలసింది వెంకటప్పయ్య మాస్టారి పుస్తకం.

అవి యుద్ధం రోజులు. మా ఊరు గురజాలకు నాలుగు మైళ్లు. బస్సు బొగ్గుతో నడిచేది, కిరసనాయిలు చీటీ మీద ఇచ్చేవారు. కాగితం, పెన్సిలు పట్టుకుని ఊళ్లోకి ఎవరొచ్చినా గాదెల్లో గింజలు లెక్క రాసుకోవడానికే వచ్చారని మావాళ్ల నమ్మకం. నమ్మకం అంటే వాళ్లకు అనుమానమే. ఇంకే రకం నమ్మకమూ మా ఊళ్లో పండేది కాదు. అలాంటి ఊరికి ఎడ్లపాడు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మాస్టారు, బడి వెనక నాపరాళ్ల కప్పున్న పాత సామాన్ల గదిని ఖాళీ చేయించి సున్నం కొట్టించారు. మన చుట్టూ బతికే జీవాలేమిటో ఈ గదిలోకి వస్తే తెలియాలన్నారు. దేన్నీ చంపి తేకూడదు. రాలినవి, విడిచినవి, ఖాళీ అయినవి మాత్రమే తేవాలి. మొదట ఊరంతా నవ్వింది. తర్వాత గొర్రెల కాపరులు ఏదుపంది ముళ్లు తెచ్చారు, కట్టెలు కొట్టేవాళ్లు పాము కుబుసం తెచ్చారు, ఎవరో చీమల్ని తినే అలుగు పొలుసు తెచ్చారు. ఏడాది తిరిగేసరికి పొలం నుంచి వస్తూ వస్తూ ఆ గదిలో తొంగి చూసి పోవడం పెద్దవాళ్లకూ అలవాటైంది.

తెచ్చిన ప్రతిదాన్నీ మాస్టారు పురుగు పట్టకుండా వేపాకూ కర్పూరమూ వేసి దాచి, ఒక పుస్తకంలో రాసేవారు. ఏమిటి, ఎవరు, ఎక్కడ అని మూడు గడులు. నాలుగో గడిలో చూసిందో, విన్నదో, ఊహో రాయాలి. ఒకనాడు నేను రొప్పుతూ వెళ్లి తోడేలును చూశానన్నాను.

“తోడేలునే చూశావా?”

“అవునండీ. మేకలు ఒక్కసారిగా బెదిరినయ్.”

“అయితే నువ్వు చూసింది బెదిరిన మేకల్ని. తోడేలును ఊహించావు” అని నాలుగో గడిలో ‘ఊహ’ అని రాశారు.

నాకు ఒళ్లు మండింది. “నన్ను నమ్మరా సార్?”

“నా కళ్లనే నేను ఒకటికి రెండుసార్లు అడుగుతానురా. నీ కళ్లను ఊరికే వదులుతానా?” అని నవ్వారు. అంత అనుమానపు మనిషి మా ఇంట్లో కూడా లేడని అప్పుడు అనుకున్నాను. మా ఇంట్లో అనుమానాలన్నీ ఎదుటివాళ్ల మీదే. ఆయన అనుమానం తనతో మొదలయ్యేది. ఆ తేడా అప్పట్లో నాకు తెలియలేదు.

మస్తాన్‌బీ గడ్డి కోసి, మోపులు కట్టి, గురజాల జట్కాల స్టాండులో అమ్ముకునే మనిషి. మా వీధి చివర గుడిసె. నేను అత్తా అని పిలిచేవాణ్ణి. ఆ ఏడు తొలకరి పడిన వారానికి ఒక పొడుగాటి ఈక కొంగులో చుట్టుకుని గదికి వచ్చింది. నన్ను చూసి ఆగింది. “ఈ పిలగాణ్ణి అవతలకి పంపు అయ్యోరూ” అంది. బయటికి పోయాను. మర్నాడు మాస్టారు క్లాసులో సంతోషం పట్టలేక చెప్పేశారు. మన పొలిమేరలో బట్టమేక పిట్ట గుడ్డు పెట్టిందట. నిలబడితే చిన్నపిల్లల నడుమెత్తు ఉండే పిట్ట, వట్టి నేల మీద ఒకే ఒక్క గుడ్డు పెడుతుందట. “ఎక్కడని మాత్రం నన్నడగొద్దు” అన్నారు. ఆయన చేసిన పొరపాటు ఆ మాత్రం నోరు జారడమే.

ఈ మాట చెవిన పడగానే మా నాయనకు అన్నం సయించలేదు. పెద్దకంచె అనే సర్కారు బంజరులో ఆయనా, మరో నలుగురూ రెండేళ్లుగా పట్టా లేకుండా గుట్టుగా దున్నుకుంటున్నారు. “పిట్టను చూడటానికి దొరలొస్తారు. పిట్టను చూసినోడు పక్కన దున్నిన సాళ్లు చూడడా? ఆ బుక్కులో యాడని రాశాడో చూసిరా” అన్నాడు.

మాస్టారు గంట కొట్టించడానికి వెళ్లిన సమయంలో గదిలోకి దూరాను. పుస్తకం తెరిచే ఉంది. బట్టమేక పిట్ట, ఒక గుడ్డు అని ఉంది. మస్తాన్‌బీ పేరుంది. మూడో గడి మీద సిరా అద్దుడు కాగితం పడి ఉంది. చెయ్యి చాచేలోగా అడుగుల చప్పుడు వినబడి ఒక్క దూకులో బయటపడ్డాను.

“చూశావా?” అన్నాడు నాయన.

“చూశా. పెద్దకంచె అని రాసుంది.”

మస్తాన్‌బీ రోజూ గడ్డి కోసేది అక్కడే కదా, ఇంకెక్కడుంటుందని నా లెక్క. పైగా ఉత్త చేతులతో తిరిగొచ్చిన వెధవ అనిపించుకోవడం నాకిష్టం లేదు. తెల్లారేసరికి అయిదు నాగళ్లు పెద్దకంచెలో మిగిలిన గడ్డినేల కూడా దున్నేశాయి. పిట్ట జాడ లేకపోతే చూడవచ్చేవాళ్లూ ఉండరని వాళ్ల ఆలోచన. నా ఊహ నిజమే అయింది. ఈనాటికీ నాకు సిగ్గు తెప్పించేది అదే.

మధ్యాహ్నం మస్తాన్‌బీ బడికి వచ్చింది. క్లాసు మధ్యలో కొంగు విప్పి, పగిలిన పెంకులు మాస్టారి బల్ల మీద పోసింది.

“నీకొక్కడికే చెప్పా అయ్యోరూ. నీకొక్కడికే.”

“నేను చెప్పలేదమ్మా” అన్నారాయన. ఆమె నమ్మలేదు. ఎవరూ నమ్మలేదు. ఆయన చూపు మా అందరి మీదుగా వచ్చి నా దగ్గర ఒక్క క్షణం ఆగింది. నేను లేచి నిలబడి ఉండాల్సింది. పలక తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఆ తర్వాత గదికి ఎవరూ ఏమీ తేలేదు. మాస్టారు ఎదురైతే కాపరులు మాటలు ఆపేసేవారు. మా నాయన, మరికొందరు అర్జీ పెట్టారు. రెండు నెలల్లో ఆయన్ను వినుకొండ వైపు బదిలీ చేశారు. పుస్తకం బడిదే అని బల్ల మీదే వదిలి వెళ్లారు. బస్సు పోయిందని తెలిశాక వెళ్లి తెరిచాను. బట్టమేక పిట్ట వరసలో, ‘ఎక్కడ’ అనే గడిలో, ‘మస్తాన్‌బీకి తెలుసు’ అని ఉంది. వెనక్కి తిప్పాను. అలుగు పొలుసు దగ్గర అది తెచ్చిన కాపరి పేరు రాసి, ‘అతనికి తెలుసు’. మొదటి పేజీ నుంచీ అంతే. మా ఊళ్లో ఒక్క చోటు పేరు కూడా ఆయన కాగితం మీద పెట్టలేదు. కాగితమంటే మాకెంత భయమో ఆయనకు మొదటి రోజే అర్థమైనట్టుంది. గది మధ్యలో నిలబడి ఏడ్చాను.

ఆ సాయంత్రమే మస్తాన్‌బీ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆమె కొడవలి ఆపలేదు.

“అయ్యోరు పోయే ముందు మా గుడిసెకాడికి వచ్చాడు. ఎవరు చెప్పుంటారని అడిగా. ‘నాకు అనుమానం ఉంది గానీ నేను చూడలేదు, చూడందే పేరు చెప్పనమ్మా’ అన్నాడు. చానా సేపు అడిగా. చెప్పలా.”

“పిట్ట మళ్లా వస్తే నాకు చూపిస్తావా అత్తా?” అన్నాను.

“చూపించను నాయనా” అంది. కోపం కూడా లేదు ఆ గొంతులో.

తర్వాత నేను కోర్టులో నకళ్లు రాసే గుమాస్తానయ్యాను. కళ్లారా చూశామని ప్రమాణం చేసేవాళ్లను ముప్ఫై ఏళ్లు విన్నాను. అనుమానం మా వంశంలోనే ఉంది, నన్నూ వదల్లేదు. కాకపోతే నా అనుమానానికి ఒక మనిషి పేరు పెట్టి ఇంకొకరి చేతిలో ఎన్నడూ పెట్టలేదు. మాస్టారు నాకు చేసిన మేలు అది. ఆయనకు ఒక ఉత్తరమైనా రాయలేదే అన్న బాధ అలాగే ఉంది.

మాస్టారు వెళ్లిపోయి రెండు వానాకాలాలు గడిచాక ఒక పొద్దున మస్తాన్‌బీ గడ్డికి పోతూ పోతూ దారి మార్చడం చూశాను. వాగు చుట్టూ తిరిగి, మాటిమాటికీ వెనక్కి చూసుకుంటూ పోతోంది. అలా ఎందుకు పోతోందో నాకు వెంటనే తోచింది. చెట్ల చాటున నడిస్తే ఆమెకు కనబడకుండా వెంట వెళ్లగలను. నాలుగడుగులు వేశాను కూడా. ఆగి, ఇంటికి తిరిగి వచ్చేశాను.

బట్టమేక పిట్టను నేను ఇంతవరకూ చూడలేదు.